ఏరు వదిలిపోయిన ఇల్లు

వంతెనను ఊడ్చుకుపోయిన పెద్ద వరద వచ్చిన మూడో ఏట జరిగింది ఇది. ఆ లోయలో ఇప్పటికీ ఏళ్లు లెక్కపెట్టేది ఆ వరద నుంచే. పిల్ల పుట్టినా, ఇల్లు కట్టినా, పన్ను ఊడినా వరదకు ముందా తరవాతా అని అడుగుతారు.

వరద వంతెనతో ఆగలేదు. ఏటినే లాక్కుపోయింది. అంతకుముందు ఏరు తూర్పు కొండ కింద పారేది. నీళ్లు తీసేసరికి చూస్తే పడమటి కొండ కిందికి జరిగి, అక్కడే పుట్టి పెరిగినట్టు పారుతోంది. పాత దారిలో గుండ్రాళ్లు, ఇసుక, ఎవరింటివో రెండు తలుపులు మిగిలాయి. తూర్పు పక్క పొలాలవాళ్లు కొన్నాళ్లు నెత్తీ నోరూ కొట్టుకుని, తరవాత బావులు తవ్వుకుని ఊరుకున్నారు. ఊరుకోలేకపోయింది ఒక్క మనిషే. ఆమె సంగతికి వస్తాం.

లోయ నడుమ పెద్దగిన్నె ఉంది. ఇనుప కమ్ములతో కట్టిన గిన్నె, ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. దాని నీడలో ఒక వీధి వీధంతా పడుకోవచ్చు. చుక్కల నుంచి వచ్చే చప్పుడు వినడం దాని పని. మన చెవికి అందేది కాదు, రేడియోకు అందే రకం. అది ఎంత సన్నం అంటే, లోయలో ఏ మూల ఒక కరెంటు రవ్వ చిటుక్కుమన్నా అందులో మునిగిపోతుంది. అందుకని అక్కడ సెల్‌ఫోన్లు లేవు. పెట్రోలు బళ్లు లేవు, ఆ ఇంజన్లు రవ్వ కొట్టి నడుస్తాయి గనుక. అన్నీ డీజిలు బళ్లే. కరెంటుతో నడిచే వస్తువు ఏది కొన్నా ముందు గిన్నె ఆఫీసు వెనక రేకుల కొట్టుకు తీసుకురావాలి. అక్కడ ఒక మనిషి దాన్ని నడిపి, చెవులకు గొట్టాలు తగిలించుకుని వింటాడు. నోరు మూసుకుని పనిచేసే వస్తువైతే దాని మీద పచ్చరంగు చుక్క పెట్టి ఇస్తాడు. అరిచేదైతే కొట్టులోనే ఉంచేసుకుంటాడు.

ఆ మనిషిని పిల్లిచెవి అనేవారు. ఊళ్లో సగం మందికి అతని మీద లోలోపల కోపమే. సెలూన్ ఆయన దగ్గర కరెంటు కత్తెర లాగేసుకున్నప్పటినుంచి పిల్లిచెవి జుట్టు ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా ఉండేది. అడిగితే సెలూన్ ఆయన, "చేత్తో కత్తిరిస్తే అంతే మరి, పచ్చచుక్క పెట్టిన చెయ్యి కాదు కదా" అనేవాడు. పిల్లిచెవి ఏమీ అనేవాడు కాదు.

అసలు దేనికీ ఏమీ అనేవాడు కాదు. టీకొట్టులో గ్లాసు ముందుకు జరిపితే ఇంకో టీ అని, బోర్లిస్తే చాలని. వయసులో ఉన్నప్పుడు ఒకచోట పిల్లనడగడానికి వెళ్తే, పిల్ల తండ్రి "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగాడట. "వింటుంటాను" అన్నాడట. దాని తరవాత ఇంకేదో వస్తుందని ఆ తండ్రి కాసేపు కాచుకుని, రాకపోయేసరికి లేచి లోపలికి వెళ్లిపోయాడట. అంతటితో పెళ్లి ముచ్చట తీరింది. ఆఫీసు ఆవరణలోనే ఒక గది, ఒక మంచం, ఒక స్టవ్వు. అలాగే నెత్తి నెరిసింది.

అతనికి ఉన్నదల్లా ఒక అక్క. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. లోయ కొసన, ఏటి గట్టు మీద, ఆమె కాపురానికి వెళ్లిన ఇంట్లోనే అతనూ పెరిగాడు. బావ పడవ నడిపేవాడు. ఏరు మోతకు పైన వినబడేలా మాట్లాడి మాట్లాడి, బావ ఎక్కడ మాట్లాడినా అరిచినట్టే ఉండేది. పడవలో ఇటు గట్టు నుంచి అటు గట్టుకు చేరేలోపు ఒక కథ చెప్పి, సగంలో ఆపి, మిగతాది తిరుగు ప్రయాణంలో అనేవాడు. వరద రోజున పడవ విప్పి పైకి లాగుదామని వెళ్లాడు. పడవ దొరికింది, ముక్కలుగా. మూడోనాటికి బావ దొరికాడు.

మట్టి చేసిన రోజున అందరూ వచ్చి తోచినదేదో అన్నారు. మంచి మనిషన్నారు, చేతికి ఎముక లేదన్నారు. పిల్లిచెవి చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. అక్క మధ్య మధ్యలో అతని వంక చూస్తూనే ఉంది. చీకటి పడబోతుంటే "వెళ్తానక్కా" అన్నాడు.

"పొద్దుట్నుంచి వెతికితే ఆ ఒక్క మాటేనా దొరికింది నీకు," అంది అక్క. "వెళ్లు. ఇంకో మాట దొరికినప్పుడు రా."

దొరకలేదు. రాలేదు.

* * *

ఆ మూడో ఏట పెద్దగిన్నె దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. కళ్లద్దాలు, ఎప్పుడూ చల్లారిపోయిన టీ. తింటూ తింటూ కూడా పళ్లెం అంచు మీద వేలితో ఏవో లెక్కలు వేసుకుంటుందని క్యాంటీన్ వంటాయన ఆమెకు లెక్కలమ్మ అని పేరు పెట్టాడు. ఆమె వినేది ఒక చచ్చిపోయిన చుక్కను. చచ్చినా అది గిర్రున తిరుగుతూనే ఉంటుందట. ఒక్కో చుట్టుకూ ఒక్కో టిక్కు. రాను రాను ఆ చుట్టు నెమ్మదిస్తోంది, ఎంత నెమ్మదిస్తోందో తేల్చాలి. చలి ముదిరేదాకా గిన్నె ఆమెది, తరవాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. మళ్లీ ఎన్నేళ్లకు ఆమె వంతు వస్తుందో ఆమెకే తెలీదు.

ఆ సీజన్లో రోజూ మధ్యాహ్నం ఒక చప్పుడు మొదలైంది. చుక్క టిక్కులన్నీ దాని కింద పడి నలిగిపోయేవి. లెక్కలమ్మ ముందు సంబరపడింది. ఆకాశంలో కొత్తదేదో దొరికిందనుకుని క్యాంటీన్లో ఉన్నవాళ్లందరికీ టీ పోయించింది. వారం తిరక్కుండానే మొహం వేలాడేసుకుని రేకుల కొట్టు గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయ్, అది ఆకాశంలోది కాదు."

పిల్లిచెవి చూశాడు.

"చుక్కలు రోజురోజుకీ కాస్త ముందుగా వస్తాయి. ఇది అలా రావట్లేదు. అందరూ తిని చేతులు కడుక్కునే వేళకి వస్తోంది. ఒక్కోరోజు ఆలస్యంగా కూడా వస్తోంది. మనతోపాటు ఆలస్యంగా తినే చుక్క నాకు తెలీదు."

వెనకే వచ్చిన వంటాయన, "అయితే ఎవరో నా చేతి వంట తింటున్న చుక్కే," అన్నాడు.

"నవ్వకండి. నా రోజులు అయిపోతున్నాయి." ఆమె పిల్లిచెవి వైపు తిరిగింది. "కనిపెట్టరా బాబాయ్? మధ్యాహ్నం పూటే చుక్క మన నెత్తిన ఉంటుంది. అప్పుడే ఇదొచ్చి కూర్చుంటోంది."

పిల్లిచెవి తలూపాడు. అది అతనికి పెద్ద ఉపన్యాసం కింద లెక్క.

డీజిలు జీపు పైన ఒక ఏరియల్. డ్రైవరు నడుపుతుంటే పిల్లిచెవి పక్కన కూర్చుని ఆ ఏరియల్‌ను అటూ ఇటూ తిప్పుతూ వినేవాడు. ఎటు తిప్పితే చప్పుడు పెరుగుతుందో అటు పోవాలి. బండి ఆగాక చేతిలో పట్టుకునే చిన్న ఏరియల్‌తో నడవాలి. అలా అతను గొడ్డు నమిలిన కరెంటు కంచె తీగల్ని పట్టుకున్నాడు, బొంత కింద దాచిన వేడిపెట్టెల్ని పట్టుకున్నాడు, పెళ్లికొడుకు గెడ్డం గీసుకునే మెషీన్‌ను పెళ్లి పూటే పట్టుకున్నాడు.

ఈసారి పట్టుకోలేదు. దర్జీ కుట్టుమిషను విన్నాడు, బడిలో గంట విన్నాడు, పిండిమర విన్నాడు. అన్నీ బుద్ధిగానే ఉన్నాయి. చప్పుడు మాత్రం ప్రతిసారీ లోయ కొస వైపే పెరిగేది.

"కొస వైపే అంటోందన్నా," అన్నాడు డ్రైవరు.

"కొండకు కొట్టుకుని తిరిగొస్తోంది."

"ఆ కొసన ఉన్నది ఒక్క ఇల్లే కదా."

పిల్లిచెవి ఏరియల్‌ను దర్జీ కొట్టు వైపు తిప్పాడు.

"దర్జీని నిన్న కూడా విన్నాం," అన్నాడు డ్రైవరు. "ఇంకోసారి వెళ్తే చొక్కాకి కొలతలు తీసుకుంటాడు."

ఇంకో రెండు రోజులు అలాగే కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పోని చోటు ఏదీ మిగల్లేదు, ఒక్కటి తప్ప. ఆ మర్నాడు భోజనాల వేళ దాటాక, డ్రైవర్ని మలుపు దగ్గరే ఉండమని, చిన్న ఏరియల్ పట్టుకుని ఒక్కడే నడిచాడు.

పాత ఏరు దారి పక్కనే బాట. ఒకప్పుడు ఆ బాట మీద నడిస్తే మనిషి మాట మనిషికి వినబడేది కాదు. ఇప్పుడు అతని చెప్పుల కింద ఇసుక నలిగే చప్పుడు వినబడుతోంది. గొట్టాల్లో రొద మాత్రం అడుగడుక్కూ పెరుగుతోంది. ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి భరించలేక గొట్టాలు తీసేశాడు.

తీసినా చప్పుడు ఆగలేదు.

లోపల్నుంచి వస్తోంది. సన్నగా, వెడల్పుగా, ఎక్కడా తెగకుండా. పిల్లిచెవి వాకిట్లో అలాగే ఉండిపోయాడు. ఒళ్లు ముందు గుర్తుపట్టింది, బుర్ర తరవాత గుర్తుపట్టింది. చిన్నప్పుడు ఆ ఇంట్లో గోడ పక్కన చాప మీద పడుకుంటే, గోడకు ఆవల రాత్రంతా పారిన ఏరు ఇలాగే ఉండేది.

"ఎవరు?" అంది లోపల్నుంచి అక్క.

"నేను."

"నేనంటే?"

"నేనక్కా."

"ఓహో. మాట దొరికిందా?"

అతను చెప్పులు విడిచి గుమ్మంలోకి వచ్చాడు. అక్క గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉంది, లేవలేదు. జుట్టు బాగా పండిపోయింది. తల దగ్గర స్టూలు మీద ఒక చెక్కపెట్టె రేడియో. పడవ చెక్క అని చూడగానే తెలుస్తోంది, నీలం రంగు ఇంకా అక్కడక్కడా ఉంది. బావ చేత్తో కట్టింది. మీటలకు సీసా మూతలు బిగించాడు. వెనక తీగ ఒకటి కిటికీలోంచి పైకప్పు మీదికి పోయింది. దాని మీద పచ్చచుక్క లేదు.

"పనిమీద వచ్చా," అన్నాడు.

"నా ఇంట్లో నీకేం పనిరా?"

అతను రేడియో వైపు చూశాడు. అక్క తల తిప్పి అతన్నీ, చేతిలో ఏరియల్‌నూ చూసింది. లేచి కూర్చుంది.

"దొంగను పట్టుకున్నావన్నమాట."

"పాట రావట్లేదే," అన్నాడు. ఇంకేం అనాలో తెలియక అన్నాడు.

"పాటలు మీ బావ పెట్టేవారు. నాకొద్దు. పాట అయిపోతుంది. ఏ పాటా లేనిచోట పెడితే ఇది వస్తుంది. ఇది అవదు."

"ఎప్పట్నుంచి?"

"మొన్న వానలకు కప్పు కారితే అటక ఎక్కాను. అక్కడుంది. ఉందనే మర్చిపోయాను. తిన్నాక పెట్టుకుంటే కాస్త కునుకు పడుతోంది, రాత్రికీ పెడితే బ్యాటరీ ఆగదు."

"మరి అంతకుముందు ఎలా నిద్రపోయేదానివి?"

"నిద్రపోయానని నీకెవరు చెప్పారు?"

పిల్లిచెవి గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్క అతనితో కాదన్నట్టు గోడతో చెప్పింది.

"ఆయన పోయారని ఆ రోజే తెలిసింది. ఏరు పోయిందని మాత్రం వారం దాకా తెలీలేదు. ఇంటినిండా జనం కదా. అందరూ వెళ్లిపోయాక వంట చేసుకుంటుంటే చెంచా కింద పడింది. ఎంత చప్పుడైందో తెలుసా? అదిరిపోయి గోడకు అతుక్కున్నాను. ఈ ఇంటికొచ్చి ముసలిదాన్నయ్యాను, చెంచా పడితే చప్పుడవుతుందని నాకు తెలీదురా. ఎప్పుడూ ఏరే మింగేసేది."

రేడియో పారుతూనే ఉంది.

"ఇది అరుస్తోందక్కా," అన్నాడు పిల్లిచెవి.

"గుసగుసలాడుతోంది."

"మనకు గుసగుస. గిన్నెకు అరుపు. సొంతంగా కట్టిన రేడియో వినడమే కాదు, బయటికి కూడా అరుస్తుంది. అక్కడ ఒకమ్మాయి చుక్కను వింటోంది. ఇది అడ్డమొస్తోంది."

"ఏమంటోందట చుక్క?"

అతనికి తెలీదు.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా విన్లేదా?"

తల అడ్డంగా ఊపాడు.

"అంటే ఇన్నేళ్లూ గుమ్మంలో కూర్చుని కుక్కల్ని తోలావు. లోపల కచేరీ ఏంటో కూడా తెలీదు." అక్క మళ్లీ పడుకుంది. "వెళ్లి వినిరా. విని, ఏముందో నాకు చెప్పు. అప్పుడు చూద్దాం."

* * *

మర్నాడు పొద్దున్నే పిల్లిచెవి గిన్నె కింద ఉన్న వినే గదిలోకి వెళ్లాడు. ఆ గది తలుపు గట్టిగా పడుతుందా లేదా అని బయట్నుంచి చూడ్డమే గాని లోపలికి ఎన్నడూ పోలేదు. లెక్కలమ్మ కుర్చీలోంచి లేచింది.

"దొరికిందా బాబాయ్?"

"వినొచ్చా?" అన్నాడు.

ఆమెకు అర్థమవడానికి కాస్త పట్టింది. గొట్టాలు తీసి అతని చెవులకు తనే తగిలించింది.

రొద. అదే రొద. సన్నగా, వెడల్పుగా, తెగకుండా. పిల్లిచెవి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇందులో కొంత మన మెషీన్లది," అంది లెక్కలమ్మ, ఒక పక్క గొట్టం కాస్త ఎడంగా పట్టుకుని. "కొంత ఆకాశానిది. అక్కడ ఖాళీ అనుకుంటాం, ఖాళీ ఎక్కడా లేదు. అన్నీ మొదలైనప్పటి వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు, అదీ ఇందులో కొంచెం ఉంది. మీ ఇంట్లో రేడియోను స్టేషన్ లేనిచోట పెట్టినా ఆకాశం కొంత వినబడుతుంది."

"ఎప్పుడు ఆగుతుంది?"

"ఆగదు."

తరవాత ఆమె ఏవో మీటలు తిప్పి, మధ్యాహ్నం చప్పుడు మొదలవకముందు రికార్డు చేసిన చుక్కను పెట్టి, "ఇప్పుడు దీని వెనక్కి వెళ్లి వినండి" అంది. వినడం అతనికి తెలిసిన పని. కళ్లు మూసుకున్నాడు. రొదను చేత్తో తప్పించినట్టు తప్పించుకుంటూ లోపలికి పోయాడు. చాలా దూరాన టిక్కు. మళ్లీ టిక్కు. చీకట్లో ఎవరో ఒక్కరే, తోడెవరూ లేక, రాయి మీద రాయి కొట్టుకుంటూ నడిచి పోతున్నట్టుంది. ఆమె భుజం తట్టేదాకా అతను కళ్లు తెరవలేదు.

గొట్టాలు తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మా అక్క," అన్నాడు.

"ఎవరు?"

"మధ్యాహ్నం చప్పుడు."

అప్పుడు చెప్పాడు. ఏరు సంగతి, చెంచా సంగతి, రేడియో సంగతి. అతను అంత పొడుగ్గా మాట్లాడగా ఆ ఆవరణలో అంతకుముందు ఎవరూ వినలేదు. లెక్కలమ్మ కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుస్తూ కూర్చుంది. తుడిచినవే తుడిచింది.

"పోనీలే బాబాయ్, నా చుక్క ఎక్కడికి పోతుంది అనాలని ఉంది," అంది చివరికి. "అనలేను. ఆరేళ్లు కాచుకున్నాను దీనికోసం."

"అనమనలేదమ్మా."

ఆమె లేచి బీరువా వెతికి తన సొంత రేడియో ఇచ్చింది, ఫ్యాక్టరీలో చేసింది, పచ్చచుక్క ఉన్నది. ఆకాశం రొదను రికార్డు చేసిన చిన్న పెట్టె కూడా ఇచ్చింది. దానిక్కూడా అతనే ఎప్పుడో పచ్చచుక్క పెట్టాడు. "ఇదైనా నచ్చుతుందేమో అడగండి," అంది.

* * *

మధ్యాహ్నం అక్క ఎదురు చూస్తున్నట్టే ఉంది. మంచం మీద కూర్చునే ఉంది, రేడియో ఇంకా పెట్టలేదు. పిల్లిచెవి దారి పొడుగునా కూర్చుకున్న మాటలు గుమ్మంలోనే అనేశాడు, మళ్లీ జారిపోతాయని.

"విన్నానక్కా. ఇదే. వాళ్లు వినేదీ ఇదే రొద. కొంత ఆకాశానిదట. ఆగదట."

అక్క ఆలోచించింది.

"అంటే నేనూ వాళ్లూ ఒకటే వింటున్నాం. మరి నాది తప్పెలా అయింది?"

అతను ఫ్యాక్టరీ రేడియో తీసి స్టేషన్ లేనిచోట పెట్టాడు. అక్క చెవి దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"జలుబు చేసినవాడు ముక్కు ఎగబీలుస్తున్నట్టుంది. పక్కన పెట్టు."

రికార్డు పెట్టె పెట్టాడు. ఇది బాగుంది. గదంతా నిండింది. అక్క పడుకుని కళ్లు మూసుకుంది. పెట్టె చాలాసేపు పారింది. నిద్రపట్టిందనుకుని అతను మెల్లగా లేవబోతుంటే, కళ్లు మూసుకునే అంది.

"తిరిగొచ్చింది."

"ఏంటి?"

"ఇందాక ఒకచోట చిన్న గరగర ఉంది. అది మళ్లీ వచ్చింది. మొదటికే వచ్చి మళ్లీ బయల్దేరింది నీ పెట్టె. పోయిన నీళ్లు మళ్లీ అదే దారిన ఎప్పుడైనా వచ్చాయిట్రా?"

ఆ గరగరను పిల్లిచెవి కూడా విన్నాడు. ఆమె పట్టుకోదనుకున్నాడు. చెవులు ఇద్దరివీ ఒక కడుపులోంచి వచ్చినవేనన్న సంగతి మర్చిపోయాడు.

పెట్టె ఆపేశాడు.

"పడమటి పక్కకి మారరాదా అక్కా. ఏరు అక్కడుంది. ఇల్లు నేను చూస్తాను."

"ఆయన్ని తీసుకెళ్లి అవతలికి పోయిందది. దాని వెంట నేను పరిగెత్తాలా?" అక్క లేచి కూర్చుంది. "నాక్కావాల్సింది ఏరు కాదురా. ఇల్లు ఇంత ఖాళీగా ఉండకూడదు, అంతే."

"నా దగ్గరికొచ్చెయ్యి."

"నీ గదికా?" అక్క నవ్వింది, మూడేళ్లలో అతను చూసిన మొదటి నవ్వు. "ఇక్కడ చెంచా చప్పుడన్నా ఉంది."

బయట మేక ఒకటి దగ్గింది.

"ఆ పిల్ల వినే చుక్క ఎలాంటిది?" అని అడిగింది అక్క.

"చచ్చిపోయింది."

"చచ్చిపోతే ఇంకేం వినబడుతుంది?"

"టిక్కు టిక్కుమంటోంది. తిరుగుతూనే ఉంటుందట. నేనూ విన్నాను."

"చాలా దూరమా?"

"చాలా."

అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయింది. తరవాత లేచి వెళ్లి, బావ రేడియోకు ఉన్న తీగను కిటికీలోంచి లోపలికి లాగి, చేతికి చుట్టుకుంటూ ఉండచుట్టింది.

"ఆ పిల్ల చచ్చినదాన్ని వింటోంది, తనకి వినబడుతోంది కూడా," అంది. "ఎన్నేళ్లు కాచుకుందో. నాకు వినబడేది ఒట్టి రొదే కదా, ఎంతసేపు విన్నా అందులో ఎవరూ లేరు. ఆ పిల్లను విననీ. తీసుకుపో."

పిల్లిచెవి రేడియో అందుకోలేదు. ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పటిదాకా కూడా నిశ్శబ్దంగానే ఉంది గాని, ఇక ఎప్పటికీ ఇంతే అని తెలిశాక అది వేరేగా ఉంది. వంటగదిలో మూత ఒకటి దానంతటదే సర్దుకుంటే వినబడింది. తను మింగిన గుటక తనకే వినబడింది. ఇంత ఖాళీలో ఈ మనిషి మూడేళ్లుందని అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఏదో ఒకటి మాట్లాడరా," అంది అక్క. గొంతులో కోపం లేదు. "ఏదైనా సరే. దర్జీ సంగతి చెప్పు."

పిల్లిచెవి నోరు తెరిచాడు. దర్జీ గురించి ఏం చెప్పాలో వెతికాడు. దర్జీ ఉన్నాడు, కుట్టుమిషను ఉంది. పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

అక్క కాసేపు చూసింది. "సరేలే," అని రేడియో అతని చేతుల్లో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

రేడియోను అతను రేకుల కొట్టుకు తీసుకుపోలేదు. తన గదిలో మంచం పక్కన పెట్టుకున్నాడు. ఆ రాత్రి అతనికీ కంటి మీద కునుకు పడలేదు.

తెల్లవారుతుండగానే ఆఫీసు తోట సామాన్లలోంచి ఒక గునపం, ఒక పార తీసుకుని బయల్దేరాడు. అక్క ఇంటికి పైన, కేక వేస్తే అందేంత దూరంలో, ఏరు పడమటికి మళ్లిన మలుపు ఉంది, అక్కడ అది లోతుగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. పాత దారికీ కొత్త ఏటికీ నడుమ వరద పోసిన గుండ్రాళ్ల దిబ్బ. దాన్ని కోసి ఒక పాయను ఇటు తిప్పితే, ఇంటి వెనక బండల మీంచి నీళ్లు పడతాయి. ఒక మనిషి చేస్తే అది ఎన్ని నెలల పనో అతను లెక్క వేయలేదు. అక్కకు కావాల్సింది ఏరు కాదని ఆమె చెప్పిన మాట గుర్తులేక కాదు. చేయడానికి అతనికి ఇంకేమీ తెలీదు. చొక్కా విప్పి రాయి మీద పెట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

గునపం రాయికి తగిలి ఖంగుమంది. పార ఇసుకలో దిగి గరగరలాడింది. ఎత్తి పక్కన పోస్తే జలజలమంది. మళ్లీ ఖంగు.

ఎండ కాస్త ఎక్కాక అక్క వచ్చింది, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, టీ చెంబు చేత్తో పట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గోతిలోకి తొంగి చూసింది.

"వంకరగా పోతోంది," అంది.

అతను చూసుకున్నాడు. నిజంగానే వంకరగా పోతోంది. సరిచేశాడు.

"ఇదయ్యేసరికి మనిద్దర్నీ ఇందులోనే పెట్టాలి."

అతను గునపం ఎత్తాడు. అక్క టీ చెంబు నీడలో పెట్టి, పెద్ద బండకు వీపు ఆనించి ఎండలో కూర్చుంది. రాయి ఎటు దొర్లించాలో రెండుసార్లు చెప్పింది. మూడోసారి సగం చెప్పి ఆగింది. మిగతా సగం కోసం అతను కాసేపు ఎదురు చూసి, రాకపోతే తలెత్తాడు.

నోరు కొంచెం తెరుచుకుని, తల ఒక పక్కకి వాల్చి, అక్క నిద్రపోయింది. చెయ్యి ఇసుకలో వాలిపోయి ఉంది.

పిల్లిచెవి పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె కనురెప్పలు కదిలాయి. గభాలున పార దించాడు. గరగర, జలజల. రెప్పలు సద్దుమణిగాయి. చెమట కళ్లలోకి కారుతోంది, అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి, టీ చల్లారిపోతోంది. కింద బాట మలుపులో జీపు ఆగి, డ్రైవరు దిగి చెయ్యి ఊపుతూ ఏదో అరవబోయాడు. పిల్లిచెవి ఒక చేత్తో నోటి మీద వేలు పెట్టుకుని, ఇంకో చేత్తో తవ్వుతూనే ఉన్నాడు.